టకటక పెట్టె పలికిన పేరు

2056 జూన్ 11. ఉదయం ఎనిమిదింటికే ముప్పై ఆరు డిగ్రీలు. ఆకాశం నిండా మబ్బే గాని చినుకు లేదు. మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు రోజులైనా కడియం నర్సరీల్లో ఒక్క ఆకు కదలలేదు. గోదావరి మీంచి రావలసిన గాలి దారిలో ఎక్కడో కూలబడిపోయినట్టుంది.

ఆ వేళకు కొప్పిశెట్టి సూరిబాబు ఇంటి ముందుగదిలో డాక్టర్ హిమబిందు ఆయన తలకు టోపీ బిగిస్తోంది. బూడిదరంగు టోపీ. లోపల మూడు వందల సన్నటి అయస్కాంత సెన్సర్లు ఉంటాయి. అక్కడినుంచి ఒక వైరు బల్లమీది పెట్టెలోకి, పెట్టెనుంచి ఇంకో వైరు స్పీకరులోకి పోతాయి. ఆవిడ మీట తిప్పగానే స్పీకరు పలకడం మొదలుపెట్టింది. టక్. టక్. టక్. సరిగ్గా మూయని కుళాయి నుంచి చుక్కలు పడ్డట్టుంది ఆ చప్పుడు.

"అదేనాండీ ఆయన మనసు?" గుమ్మంలో నిలబడి అడిగింది హారిక.

"మనసు కాదమ్మా. మెదడు నడిమధ్యలో పావురం గుడ్లంత ముద్దలు రెండుంటాయి. థాలమస్ అంటారు. చెవినుంచి గాని, కంటినుంచి గాని, ఒంటిమీద చర్మంనుంచి గాని ఏ కబురొచ్చినా ముందు అక్కడికి చేరి, ఆ తర్వాతే పైకి పోతుంది. ఒక్క వాసన తప్ప."

"వాసనకెందుకండీ అంత వెసులుబాటు?"

"ఎందుకో ఎవరికీ తెలీదు. నేనూ నలభై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాను."

హారిక అనే పేరు వినగానే ఇప్పటికీ కొందరికి కాన్వెంటు బట్టల్లో ఉన్న చిన్నపిల్ల గుర్తొస్తుంది. కాలం ఎవరికోసమూ ఆగదు కదా. లాస్యలూ జాహ్నవిలూ మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నారు. యశ్వంత్‌లు కళ్ళకు శుక్లాలు తీయించుకుంటున్నారు. ఈ హారికకు నలభై ఆరేళ్ళు, పాపిట్లో తెల్లవెంట్రుకలు. సూరిబాబు అన్న కూతురు. తొమ్మిదో ఏట తల్లినీ తండ్రినీ పోగొట్టుకుంటే పిల్లలు లేని సూరిబాబు దంపతులు తెచ్చి పెంచారు. పెళ్ళి చేసుకోలేదు. పిన్ని పోయి ఇరవై ఏళ్ళయింది. అప్పటినుంచీ ఆ ఇంటి పొయ్యీ, నాలుగెకరాల నర్సరీ, బాబాయీ, మూడూ ఆవిడే చూసుకుంటోంది. కిందటి కార్తీకంలో సూరిబాబు మొక్కల మధ్య పడిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు, మాట పోయాయి. కళ్ళు తెరిచి ఉంటాయి గాని వాటిని ఎప్పుడు ఆర్పాలో, ఎప్పుడు ఆర్పకూడదో ఆయన చేతిలో లేదు.

ఆయన వీలునామా రాయలేదు. అలాగని రాయాలని ప్రయత్నించకపోలేదు. మూడుసార్లు స్టాంపు కాగితాలు కొన్నాడు. ఒకసారి రిజిస్ట్రాఫీసు మెట్లదాకా వెళ్ళి, "ఇది రాస్తే యముడికి కబురుపెట్టినట్టే"నని వెనక్కొచ్చి, ఆ పూట నూరు మామిడి అంట్లు కట్టాడు. వీలునామా రాసినవాడు ఏడాది తిరక్కుండా పోతాడని ఆ చుట్టుపక్కల చాలామంది నమ్మకం. నిజానికి పోయే వయసులో ఉన్నవాళ్ళే వీలునామా రాస్తారు కనుక ఆ నమ్మకానికి సాక్ష్యాలు ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయి. నోటితో మాత్రం వచ్చినవాడికల్లా చెప్పేవాడు: "ఇదంతా మా అమ్మాయిదేనండి." నోటిమాట చట్టానికి ఆనదు. వీలునామా లేకపోతే ఆస్తి అన్న కూతురికీ చెల్లెలి కొడుక్కీ చెరిసగం వస్తుంది. సగం చేస్తే బోరు ఒకవైపు, అంట్లకు కొమ్మలిచ్చే తల్లి మొక్కలు ఒకవైపు పడతాయి. నీళ్ళు లేని తల్లి మొక్కలు, మొక్కలు లేని బోరు ఎవరికి పనికొస్తాయి?

అందుకే హారిక తనే వెళ్ళి టకటక పెట్టెకు దరఖాస్తు పెట్టుకుంది.

ఈ పెట్టె గురించి కొంచెం చెప్పుకోవాలి. హిమబిందు దీన్ని వీలునామాల కోసం చేయలేదు. బడిలో కొందరు పిల్లలు పాఠం మధ్యలో పదిక్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు. పరధ్యానమని పంతుళ్ళు వెనకటికి చెవులు మెలేసేవారు. అది మూర్ఛలో ఒక రకం. ఆ పది క్షణాలూ వాళ్ళ థాలమస్ కణాలు క్షణానికి మూడుసార్ల చొప్పున గుంపుగా పేలుతుంటాయి. వాటిని పట్టుకోవడానికి చేసిన పెట్టె ఇది. కొన్ని వేలమంది పిల్లలకు తన్నులు తప్పించింది. మంచి పనిముట్టు ఎప్పుడూ ఒక పనితో ఆగదు. మాటపోయిన రోగులకు ఏదైనా వినిపించినప్పుడు ఈ పెట్టె పలుకుతోందని ఎవరో గమనించారు. పత్రికలు రాశాయి. 2051లో మౌనసమ్మతి చట్టం వచ్చింది. నోరులేని మనిషి ముందు వారసుల పేర్లు చదవాలి. ఏ పేరుకు పెట్టె టకటకమంటే ఆ పేరుకు ఆయన సమ్మతించినట్టు. మూడుసార్లు చదివినప్పుడు రెండుసార్లు పలికితే చాలు. మొత్తం ఆస్తి ఆ ఒక్కరిదే.

ఆ చట్టం రాసిన సంఘంలో హిమబిందు కూడా ఉంది. టకటక అంటే 'సరే' అని కాదు, 'ఎవరో వచ్చారు, చూడండి' అని మాత్రమేనని నాలుగో అనుబంధంలో పదకొండు పేజీలు రాసింది. అనుబంధాలు చదివేవాళ్ళు ఏ కాలంలోనూ లేరు. ఇప్పుడావిడకు అరవై రెండేళ్ళు. నిపుణురాలి సంతకం లేనిదే పరీక్ష చెల్లదు కనుక, నెలకు అయిదారు ఇళ్ళు తిరుగుతుంది. ప్రతి ఇంట్లోనూ అదే టోపీ, అదే చాప, అదే టీ. ఆవిడ అలసట నిద్రతో పోయేది కాదు.

"అమ్మా హారికా, ఇలా వచ్చి కూర్చో," అంది. "నీకో మాట చెప్పాలి. అందరికీ చెప్తాను. ఎవరూ వినరు."

"ఆయ్, చెప్పండి."

"రాత్రి కాపలా కాసే మనిషిని చూశావుగా. మెలకువగా ఉన్నవాడైతే, గేటు దగ్గరికి యజమాని వస్తే ఏం చేస్తాడు?"

"ఏం చేస్తాడండీ, గొళ్ళెం తీస్తాడు."

"కునుకులో ఉన్నవాడైతే?"

హారిక నవ్వింది. "ఉలిక్కిపడి లేచి ఎవరు ఎవరు ఎవరు అని ఊరంతా లేపుతాడండి. మా నూకరాజు అంతే. మొన్న లారీవాడి మీదకి కర్రెత్తాడు."

"ఈ కణం కూడా మీ నూకరాజే. దానిలోపల బయటికన్నా కొద్దిపాటి తక్కువ వోల్టేజి ఉంటుంది. గోడలకు చిన్న చిన్న తలుపులుంటాయి. సోడియానికి ఒకటి, పొటాషియానికి ఒకటి, కాల్షియానికి ఒకటి. ఆ కాల్షియం దారికి టి-ఛానెల్ అని పేరు. దానికి ముందుతలుపు, వెనకతలుపు, రెండు ఉన్నాయనుకో. చిన్న తోపు తోస్తే ముందుతలుపు తెరుచుకుంటుంది. కాని కణం హడావిడిగా, మెలకువగా ఉన్నంతసేపూ వెనకతలుపు మూసే ఉంటుంది. అప్పుడొచ్చిన కబురును సోడియం ఒక్కటే మోస్తుంది. ఒక కబురు, ఒక టక్. అంతే."

"వెనకతలుపు తెరుచుకోదాండీ?"

"కణం బాగా కిందికి దిగి, నిశ్శబ్దంగా ఓ పదోవంతు క్షణం పడి ఉండాలి. అప్పుడు తెరుచుకుంటుంది. ఇప్పుడు చిన్న తోపు చాలు. రెండు తలుపులూ బార్లా. కాల్షియం వరదలా లోపలికొస్తుంది. ఆ వరదమీద సోడియం నాలుగైదుసార్లు వరసగా పేలుతుంది. టకటకటకటక. తర్వాత పొటాషియం బయటికి పోయి దాన్ని మళ్ళీ కిందికి దించుతుంది. సంగతేమిటంటే, విశ్రాంతి లేనిదే ఆ కణం కేకవేయలేదు. ఎప్పుడూ పనిలో ఉన్నది కేకవేయదు."

హారికకు అర్థమైంది గాని, అది తనకెందుకు చెబుతోందో అర్థం కాలేదు.

"మీ బాబాయి రోజంతా ఎవరి అడుగుల చప్పుడు వింటూ ఉంటారమ్మా?"

"నావేనండి. ఇంకెవరున్నారు? ఆయన మనసులో నేను తప్ప ఎవరూ లేరండి."

"అదే నా భయం," అంది హిమబిందు. "నీ పేరు దగ్గర ఆ కణాలు మెలకువగా ఉంటాయి. గొళ్ళెం తీస్తాయి. కేకవేయవు. చట్టం కేకలే లెక్కపెడుతుంది. ఈ పరీక్ష పదిహేను రోజులు వాయిదా వేసే అధికారం నాకుంది. రోగికి జ్వరమని రాస్తాను. ఈ పదిహేను రోజులూ నువ్వు ఇంట్లో ఉండకు. రాజమండ్రిలో మా ఇంట్లో ఉండు. నీ గొంతు, నీ గాజుల చప్పుడు ఆయన చెవిన పడకూడదు. నర్సును పెడదాం. పదహారో రోజు నీ పేరు చదివితే ఈ పెట్టె అదిరిపోతుంది."

హారిక లేచి, సూరిబాబు వీపుకింద చెయ్యిపెట్టి ఎడమవైపుకు తిప్పి, దిండు సర్దింది.

"రెండు గంటలకోసారి ఇలా తిప్పాలండి. లేకపోతే పుండ్లు పడతాయి. జావ చెంచాతో ఎడమదవడకి ఆనించి, గొంతుమీద వేలితో రాస్తేనే మింగుతారు. కిందటి నెల నాకు జ్వరమొస్తే నర్సును పెట్టాను. రెండు రోజులూ ఆవిడ పోసిందంతా దిండుమీదే ఉంది. పదిహేను రోజులంటే, డాక్టరుగారూ, పదహారో రోజు మీరు పేరు చదవడానికి ఎవరుంటారండీ?"

"ముక్కులోంచి గొట్టం వేయొచ్చు."

"వద్దండి. ఆయనకి గొట్టాలంటే భయం." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "మీరేమీ అనుకోకండి. మీ పెట్టె సంగతి మీకు తెలుసు. మా బాబాయి సంగతి నాకు తెలుసు. నా పేరు వింటే ఆయన ఊరుకోరు."

హిమబిందు వాయిదా కాగితం తిరిగి సంచిలో పెట్టేసింది.

పదిన్నరకు చరణ్‌తేజ దిగాడు. చెల్లెలి కొడుకు. తునిలో మోటార్లు వైండింగు చేసే దుకాణం ఉంది. వారసులంతా హాజరు కావాలని నోటీసు రాబట్టి వచ్చాడు. ఇరవై రెండేళ్ళ కిందట అతనూ ఈ నర్సరీలోనే పనిచేసేవాడు. సూరిబాబు తొమ్మిదేళ్ళు కష్టపడి ఒక తెల్ల నూరువరహాల పూల రకం తయారుచేశాడు. బంతంత గుత్తి, నీళ్ళు తక్కువైనా వాడేది కాదు. అది అమ్మకానికి రాకముందే దాని కొమ్మలు నాలుగు పక్క నర్సరీకి చేరాయి. చేర్చింది చరణ్. ఆనాడు సూరిబాబు అంటుకత్తి పుచ్చుకుని కాలవగట్టుదాకా తరిమాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో చరణ్ పేరు ఎవరూ ఎత్తలేదు.

"ఏమే మరదలా," గుమ్మంలోనే ఆగాడు. "కత్తి ఎక్కడుందో చెప్పు, లోపలికొస్తాను."

"నీకు కత్తెందుకు బావా, నీ పొట్ట చూస్తే నాలుగడుగులు పరిగెత్తేలా లేవు. రా, కాళ్ళు కడుక్కో."

"నోరు మాత్రం అలాగే ఉంది," అని నవ్వి లోపలికొచ్చాడు. మంచంమీది మనిషిని చూసి నవ్వు ఆపేశాడు. ఒకప్పుడు ఒంటిచేత్తో కొబ్బరిమొక్క పెకలించిన మనిషి. గుడ్డమూటలా ఉన్నాడు. చరణ్ దగ్గరికి వెళ్ళలేదు. చట్టప్రకారం పరీక్షకు ముందు, సేవ చేసేవాళ్ళు తప్ప వారసులెవరూ వెళ్ళకూడదు కూడా. పక్కగదిలో కుర్చీలో కూలబడ్డాడు.

"నాకేం ఒద్దే," అన్నాడు కాసేపటికి. "నీకిచ్చేస్తానని రాసేవాణ్ణి. ఈ నోటీసుల గోలెందుకు పెట్టావు?"

"నువ్విస్తే తీసుకోవడానికి అది నీదా? బాబాయి ఇస్తే తీసుకుంటాను."

చరణ్ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. తర్వాత పెట్టె చూసి, చేతివృత్తివాడు కనుక, ఉండబట్టలేక హిమబిందును అడిగాడు. ఆవిడ టి-ఛానెల్ కథ మళ్ళీ చెప్పింది. ఆ రోజుకు రెండోసారి, ఆ నెలకు నాలుగోసారి. అతను తల ఊపుతూ విన్నాడు.

"అర్థమైంది మేడమ్. మా మోటారూ అంతేగా. ఆగి ఉన్నదాన్ని స్టార్ట్ చేస్తే ఒక్కసారిగా ఆరేడింతలు కరెంటు లాగుతుంది. మీటరు ముల్లు ఎగిరిపడుతుంది. తిరుగుతున్న మోటారైతే ముల్లు కదలదు. పని మాత్రం అదే చేస్తుంటుంది."

హిమబిందు అతనివైపు ఆశ్చర్యంగా చూసింది. "పదకొండు పేజీలు రాశాను. ఈ మాట నాకు తట్టలేదు," అంది.

పదకొండింటికి సబ్ రిజిస్ట్రార్ ఇమ్రాన్ వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచి, సూరిబాబుకు వినబడేలా నమస్కారం చెప్పి, కాగితాలు తీశాడు. వారసులిద్దరినీ పక్కగదిలోకి పంపి తెర వేయించాడు. పేరుకూ పేరుకూ మధ్య మూడు నిమిషాలు విరామమివ్వమని హిమబిందు కోరింది. నిబంధన ఒక నిమిషమే. "మీరు అడిగారు కనుక ఇస్తాను మేడమ్," అన్నాడు.

స్పీకరు టక్, టక్ మంటోంది. ఫ్యాను తిరుగుతోంది.

"కొప్పిశెట్టి సూరిబాబుగారూ, వినండి. కొప్పిశెట్టి హారిక."

టక్. టక్. టక్. టక్. పేరుకు ముందు ఎలా ఉందో పేరు తర్వాతా అలాగే ఉంది. ఇమ్రాన్ గడిలో సున్నా వేశాడు. తెరవెనక గాజుల చప్పుడు ఒకసారి వినబడి ఆగిపోయింది.

మూడు నిమిషాలు గడిచాయి.

"బొలిశెట్టి చరణ్‌తేజ."

ఒక్క క్షణం స్పీకరు మూగబోయింది. ఆ వెంటనే టకటకటకటకటక! బల్లమీది గ్లాసు అదిరినంత పని అయింది. ఇమ్రాన్ అయిదు అని వేశాడు.

రెండోసారి పేర్లు తిరగేసి చదివాడు. చరణ్ పేరుకు నాలుగు. హారిక పేరుకు సున్నా. మూడోసారి చదివితే ఇద్దరికీ సున్నా. చరణ్ పేరుకు కూడా ఒట్టి టక్, టక్.

"చూశారా?" హిమబిందు ముందుకు వంగింది. "మూడోసారికి ఆ పేరు పాతబడింది. ఉలికిపాటు పోయింది. అది సమ్మతే అయితే మూడోసారికి ఎందుకు పోతుంది? మనిషి పది నిమిషాల్లో మనసు మార్చుకుంటాడా?"

"మేడమ్," ఇమ్రాన్ కలం మూత పెట్టాడు. "మీ నాలుగో అనుబంధం నేను చదివాను. జిల్లాలో నేనొక్కణ్ణే చదివానేమో. కాని నాకిచ్చిన ఫారంలో అంకె వేసే గడి ఉంది. అభిప్రాయం రాసే గడి లేదు. రెండుసార్లు పలికింది. నేను ఆపలేను. మీరు ఇక్కడ సంతకం చేయాలి."

"చేయకపోతే?"

"ఇంకో నిపుణుణ్ణి పంపుతారు. ఆయన సంతకం చేసే వెళ్తాడు. విరామం మూడు నిమిషాలు ఇమ్మని కూడా అడగడు."

ఆవిడ సంతకం చేసింది.

తెర తీశారు. చరణ్ కుర్చీలోంచి లేవలేకపోతున్నాడు. ముఖం రెండు చేతులతో కప్పుకుని ఏడుస్తున్నాడు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి అంత బాహాటంగా ఏడుస్తుంటే ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. "మావయ్యా," అని మంచం పక్కన కూలబడి సూరిబాబు ఎడమచెయ్యి పట్టుకున్నాడు. "ఇన్నేళ్ళూ నన్ను తిట్టుకుంటున్నావనుకున్నాను, మావయ్యా."

స్పీకరు ఇంకా కట్టేయలేదు. టకటకటక అంది.

హారిక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. హిమబిందు పెట్టెలోంచి పొడుగాటి కాగితం చుట్ట లాగి, ఆవిడను వంటింట్లోకి తీసుకెళ్ళి బల్లమీద పరిచింది.

"ఇది ఉదయం ఎనిమిదినుంచీ గీసిన గీత. ఇదిగో, ఈ పుల్లలన్నీ ఒక్కొక్క టక్. ఎనిమిదింబావుకు నువ్వు నీళ్ళమోటారు వేయడానికి వెళ్ళావు. చూడు, ఇక్కడ పుల్లలు పలచబడ్డాయి. గీత కిందికి దిగింది. ఇక్కడ మళ్ళీ గుత్తిగా నాలుగు. నువ్వు తిరిగొచ్చావు. ఆ తర్వాత పదకొండుదాకా ఒక్కచోట కూడా తెగలేదు. నీ పేరు చదివినప్పుడు కేకవేయడానికి ఆ కణాలకు తీరిక లేదమ్మా. అవి నీ పనిలోనే ఉన్నాయి."

హారిక ఆ పుల్లల మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపింది, నారుమడిలో మొలకలు లెక్కపెట్టినట్టు.

"అంటే ఆయన నన్ను వింటూనే ఉన్నారాండీ?"

"పొద్దున్నుంచీ."

"ఇది ఎక్కడైనా రాస్తారాండీ?"

"రాయరమ్మా. దీనికి గడి లేదు."

హారిక గోడ గడియారం చూసింది. "జావ వేళైందండి," అని పొయ్యి వెలిగించింది.

సూరిబాబు ఇంకో యాభై రెండు రోజులు బతికాడు. ఒంటిమీద ఒక్క పుండు లేకుండా పోయాడు. ఎనిమిది నెలలు మంచంలో ఉన్న మనిషి వీపు అలా ఉండడం డాక్టర్లు కూడా అరుదుగా చూస్తారు. ఆగస్టు రెండున, మంచి వానలో, గొడుగులు పట్టుకుని తీసుకెళ్ళారు. తలకొరివి చరణ్ పెట్టాడు.

పెద్దకర్మ అయ్యాక హిమబిందు తుని వెళ్ళింది. అలాంటి పని ఆవిడ ఎప్పుడూ చేయలేదు. నిపుణులు అలా వెళ్ళకూడదు కూడా. చరణ్ దుకాణంలో రాగితీగ చుడుతున్నాడు. స్టూలు వేసి కూర్చోబెట్టి కూల్‌డ్రింకు తెప్పించాడు.

"మీరు ఆ రోజు అన్నారు, మీకేమీ వద్దని, హారికకు రాసిస్తానని," అంది ఆవిడ.

"అన్నాను మేడమ్. అప్పటికి నాకు తెలీదుగా."

"ఏమిటి తెలీనిది?"

"మావయ్యకి నేనంటే అంత ఇదని." తీగ చుట్టడం ఆపాడు. "మా అమ్మ చచ్చిపోయేటప్పుడు కూడా, ఒరేయ్ మీ మావయ్య కాళ్ళమీద పడిరారా అంది. వెళ్ళలేకపోయాను. ఇరవై రెండేళ్ళు. ప్రతి పండక్కీ అనుకునేవాణ్ణి. ఆయన మనసులో నేను చచ్చిపోయాననుకున్నాను. మీ పెట్టె అరిచింది మేడమ్, నా పేరుకి. నా చెవులారా విన్నాను."

"చరణ్‌గారూ, మీరే చెప్పారు. ఆగి ఉన్న మోటారుకే ముల్లు ఎగురుతుందని. తిరుగుతున్నదానికి ఎగరదని. ఇరవై రెండేళ్ళు ఆయన మిమ్మల్ని తలచుకోలేదు. అందుకే ఆ చప్పుడు. మీరు ఇంజనీరులా అర్థం చేసుకున్నారు ఆ రోజు."

అతని ముఖం మెల్లగా గట్టిపడింది. కోపం కాదు. ఎవరో చేతిలోది లాక్కోబోతుంటే బిగించుకున్నట్టుంది.

"మోటారు వేరు, మావయ్య వేరు మేడమ్," అన్నాడు. "ఆ నేల నాకు లెక్కకాదు. నాకు దుకాణం ఉంది, నా తిండికి లోటు లేదు. కాని అది తిరిగిచ్చేస్తే ఏమన్నట్టు? ఆయన నన్ను క్షమించింది అబద్ధమన్నట్టు. ఆ మాట నేననలేను. హారికని అక్కడే ఉండమన్నాను. గది ఇస్తానన్నాను, ఎప్పటిలాగే చూసుకోమన్నాను. అదే ఉండనంది."

"ఎందుకు ఉండనంది?"

"తెలీదు. నవ్వింది. 'బావా, నీ మొక్కలకి నేను కాపలా ఉండలేను, నూకరాజుని పెట్టుకో' అంది."

హిమబిందు కూల్‌డ్రింకు సగం తాగి లేచింది. ఆ మనిషి దురాశాపరుడైతే పోట్లాడి ఉండేది. పోట్లాడటానికి అక్కడ ఏమీ దొరకలేదు.

ఆ ఏడాది ఆవిడ ప్రభుత్వానికి మూడు ఉత్తరాలు రాసింది. మూడోదానికి జవాబొచ్చింది. యంత్రంపట్ల ప్రజల్లో విశ్వాసం కుదురుకున్న దశలో మార్పులు చేయడం మంచిది కాదని అందులో ఉంది. విశ్వాసం కుదరడమేమో గాని, జనం యంత్రాన్ని అర్థం చేసుకున్న మాట నిజం. పదకొండు పేజీలు చదవకుండానే అర్థం చేసుకున్నారు. మండపేటలో ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు ఆస్తి పదేళ్ళు కాళ్ళొత్తిన భార్యకు కాక, పెళ్ళిలో తప్ప కనబడని తమ్ముడికి పోయింది. అనపర్తిలో ఒక మిల్లు ముగ్గురన్నదమ్ముల్లో జైలునుంచి వచ్చినవాడికి దక్కింది. లాయర్లు మొదట గుసగుసగా, తర్వాత బోర్డులు పెట్టి సలహా చెప్పసాగారు. పెద్దాయనకు పక్షవాతం వచ్చిందా, ముందు ఊరు మారండి. ఫోను చేయకండి. ఫొటో ఉంటే గోడమీంచి తీయించండి. పరీక్షకు ముందు ఆరునెలలైనా ఎడం ఉండాలి, ఏడాది అయితే మరీ మంచిది.

రాజమండ్రి ఆస్పత్రిలో 2058నాటికి నోరులేని రోగుల వార్డు రెండు అంతస్తులకు పెరిగింది. మంచాల దగ్గర చుట్టాలెవరూ ఉండరు. ప్రేమ లేక కాదు. వాళ్ళలో చాలామంది ఆస్పత్రి గేటు బయట, చెట్టుకింద, ముఖానికి తువ్వాలు చుట్టుకుని నిలబడి, లోపలినుంచి వచ్చే ఆయాను పట్టుకుని అడుగుతుంటారు: "తిన్నారా? ఈ రోజైనా తిన్నారా?" గొంతు వినబడకుండా అడుగుతారు. ఎవరైనా ఉండబట్టలేక లోపలికి వెళ్తే మిగిలిన వారసులు లోలోపల సంతోషిస్తారు. హిమబిందు మాత్రం ఆ వార్డులోకి టోపీ పట్టుకుని వెళ్తూనే ఉంది. ఇప్పుడు ఏ పేరు చదివినా పెట్టె అరుస్తుంది. అందరి పేర్లకూ అరుస్తుంది. ఎవరు ఎక్కువకాలం రాలేదో వాళ్ళకు ఒక టక్ ఎక్కువ. అంతే తేడా.

కొప్పిశెట్టి సూరిబాబు ఆస్తి రిజిస్టరులో ఇలా నమోదయింది. నాలుగెకరాల మూడు సెంట్ల నేల, బోరు, రెండు షేడ్‌నెట్లు, డాబా ఇల్లు, తల్లి మొక్కలు నూట పద్దెనిమిది, అంటు కట్టి కవర్లలో ఉన్న మొక్కలు సుమారు తొమ్మిది వేలు, అన్నీ బొలిశెట్టి చరణ్‌తేజకు. ఆయన తదనంతరం ఆయన కొడుకులు ఇద్దరికి. నీటిపరుపు, చక్రాల కుర్చీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. వాచీ, కళ్ళజోడు సూరిబాబుతోనే వెళ్ళిపోయాయి. వేమగిరిలో వేరొకరి నర్సరీలో రోజుకూలికి అంట్లు కడుతున్న కొప్పిశెట్టి హారికకు ఏమీ రాలేదు. పత్రం ఆఖరి పేజీలో, ఏమీ రాలేదన్న సంగతి తనకు తెలిసినట్టుగా, ఆవిడ సంతకం మాత్రం ఉంది.